అబిస్కో వెళ్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

బూట్లు ఏవి కొనాలి, కెమెరా ఏది పట్టుకెళ్లాలి అని అడిగావు. వాటి గురించి తర్వాత రాస్తాను, అవి పెద్ద విషయాలు కావు. ముందు ఈగల గురించి చెప్పాలి. స్వీడన్ ఉత్తరపు కొసన ఉన్న ఆ అబిస్కోలో పూలనూ పురుగులనూ చూడ్డానికి వచ్చే పిల్లలు దాదాపు అందరూ బంబుల్ బీల మీద మనసు పడి వస్తారు. అవి తేనెటీగల జాతివే, బొద్దుగా, ఒంటినిండా బొచ్చుతో ఉంటాయి, ఫొటోలో బాగా పడతాయి. నాకూ అవంటే ప్రాణం. కానీ ఆ కొండవాలు మీద పూలకు ఎక్కువ పని చేసిపెట్టేవి నల్లవీ బూడిద రంగువీ చిన్న చిన్న ఈగలు. వాలితే చెయ్యి విదిలించి తోలేస్తామే, అవే. నీ నోట్‌బుక్‌లో వాటికి చోటు లేకపోతే వేసవి సగం వృథా అయినట్టే.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ తేనెటీగల జాతి పురుగులు తగ్గిపోతాయి. గూడు కట్టుకుని, పిల్లల కోసం పుప్పొడి మోసి దాచాలంటే వేసవి కాస్త పొడుగ్గా ఉండాలి కదా. ఈగకు ఆ బాధ్యత లేదు. దాని పిల్లలు తడి నేలలో, నాచులో, కుళ్లిన ఆకుల్లో వాటంతట అవే పెరుగుతాయి. పెద్ద ఈగ పువ్వు దగ్గరికి వచ్చేది తన పొట్ట కోసం, ఒంటికి కాస్త వెచ్చదనం కోసం. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో, 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద జాకెన్‌బర్గ్ అనే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ డ్రయాస్ అనే తెల్లటి చిన్న పువ్వును పోలిన నకిలీ పూలు చేసి, జిగురు పూసి పెట్టి, అంటుకున్న పురుగులను డీఎన్ఏ ద్వారా గుర్తించారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. డ్రయాస్‌కు గింజ ఎంత బాగా పట్టింది అన్నది అన్నిటికన్నా ఎక్కువగా స్పైలోగోనా సాంక్టిపౌలి అనే ఒకే ఒక్క ఈగ జాతి ఎంత ఉందన్న దానితో ముడిపడి ఉందని తేలింది. మన ఇళ్లల్లో తిరిగే ఈగ కుటుంబమే అదీ, మస్కిడే. ఇంత పని చేస్తున్న పురుగుకు జనంలో ఒక పేరైనా లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

డ్రయాస్ ఆక్టోపెటాలా అబిస్కోలో సున్నపు నేల ఉన్న చోటల్లా కనిపిస్తుంది. జూన్‌లో మొదటి ఎండ రోజున దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముఖం పువ్వు దాకా వంచి చూడు. మామూలుగా ఎనిమిది రేకులు, తెలుపులో కాస్త మీగడ రంగు, గిన్నెలాగా తెరుచుకుని ఉంటాయి. మధ్యలో పసుపు పచ్చని కేసరాల గుత్తి. ఎండ ఉన్నంతసేపు ఆ పువ్వు సూర్యుడి వైపే తిరుగుతూ ఉంటుంది. రేకుల మీద పడిన వెలుగంతా మధ్యలోకి మళ్లుతుంది, దాంతో పువ్వు లోపల బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. ఇలాంటి పూలలో దీన్ని పీటర్ కెవన్ అనే కెనడా శాస్త్రవేత్త ఎల్స్‌మియర్ దీవిలో కొలిచి 1975లో ప్రచురించాడు. ఈ వెచ్చదనం పువ్వుకూ కావాలి, లోపల గింజ త్వరగా ఎదగాలి కదా. పురుగుకూ కావాలి. నువ్వు చూస్తుండగానే ఒక ఈగ వచ్చి కేసరాల మధ్య వాలి, నిమిషాల తరబడి కదలకుండా ఉండిపోవచ్చు. అది తినడం లేదు, ఎండ కాచుకుంటోంది. అందుకే నోట్‌బుక్‌లో రెండు గళ్లు విడిగా పెట్టుకో: ‘వాలింది’ ఒకటి, ‘కేసరాలనో కీలాగ్రాన్నో తాకింది’ ఇంకొకటి. కీలాగ్రం అంటే పువ్వులో పుప్పొడి అందుకునే కొన. వాలినదల్లా పుప్పొడి మోసిందని రాసుకుంటే నీ లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇక కూర్చోవడం గురించి. నీ థీసిస్ గైడ్ నీకు పద్ధతి రాసి ఇస్తారు, దాన్నే పాటించు. మామూలుగా మీటరు చదరం ఫ్రేమ్ ఒకటి నేల మీద పరిచి, అందులోని పూలకు వచ్చే పురుగులను పది నిమిషాలు చూడమంటారు. ఆ పది నిమిషాల ముందు చేయాల్సినది ఎవరూ కాగితం మీద రాయరు. ఫ్రేమ్ పెట్టాక నీ నీడ పూల మీద పడని వైపు చూసుకుని కూర్చో. కూర్చున్న తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాయకు. నువ్వు నడిచి వచ్చిన అలికిడికి ఎగిరిపోయిన ఈగలు ఆ కాసేపట్లో తిరిగి వస్తాయి. ఫ్రేమ్‌లో విచ్చిన పూలు ఎన్ని, ఏ జాతివి అని ముందే లెక్కపెట్టు, తర్వాత గడియారం మొదలుపెట్టు. ఉష్ణోగ్రత పువ్వు ఎత్తులో కొలవాలి, థర్మామీటరుకు నీడ పట్టాలి. వాతావరణ కేంద్రం కొలిచేది మనిషి తల ఎత్తు గాలిని. పురుగు బతికేది నేలకు జానెడు ఎత్తులో, అక్కడి గాలి వేరు, అక్కడి వేడి వేరు. గాలి ఎంత వీస్తోంది, మబ్బు ఎంత ఉంది, ఎండ మధ్యలో పోయిందా, ఇవన్నీ రాయి. మబ్బు పట్టగానే ఈగలు ఎలా మాయమైపోతాయో నీకే తెలుస్తుంది. బంబుల్ బీ మాత్రం ఆ మబ్బులోనూ తన పని తను చేసుకుంటూ పోతుంది.

సున్నా వచ్చిందా? సున్నా అనే రాయి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. చలిగాలిలో వేళ్లు కొంకర్లు పోతుండగా పది నిమిషాలు కూర్చుని, ఒక్క పురుగూ రాకపోతే ఆ పేజీ దండగ అనిపిస్తుంది. పక్కనున్న ‘బాగా వస్తున్న’ పొదకు జరుగుదామనిపిస్తుంది. జరగకు. పురుగులు ఉన్నచోటే కూర్చున్నవాళ్ల లెక్కలో పురుగులు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, అవి తగ్గిపోతున్న సంగతి ఆ లెక్కలో ఎప్పటికీ కనబడదు. జాకెన్‌బర్గ్‌లో 1996 నుంచి 2009 దాకా ఏటా ఒకే చోట, ఒకే పద్ధతిలో చూశారు కాబట్టే పూల కాలం కురచైపోతోందనీ, పూలకు వచ్చే పురుగులు తగ్గుతున్నాయనీ 2013లో చెప్పగలిగారు. నువ్వు వెళ్తున్న చోటికి కూడా అలాంటి పాత లెక్క ఉంది. న్యుల్లా కొండ మీద 1917లో థోర్ ఫ్రీస్ అనే వృక్షశాస్త్రవేత్త వాలు వెంబడి నడుస్తూ ఏ మొక్క ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది అని రాయడం మొదలుపెట్టాడు. నూరేళ్ల తర్వాత, 2017 నుంచి అదే దారిలో మళ్లీ రాస్తున్నారు. ఫ్రీస్ మొక్కల్ని రాశాడు. అప్పటి ఈగలను కూడా ఎవరైనా ఇంత ఓపికగా లెక్కపెట్టి ఉంటే ఇవాళ మనకు ఎంత తెలిసేదో అనుకుంటూ ఉంటాను.

క్యాలెండర్ చూసి పూల కోసం వెళ్లకు, మంచు చూసి వెళ్లు. గాలికి మంచు నిలవని గట్ల మీద అన్నిటికన్నా ముందు పూస్తాయి. ఊదా రంగు సాక్సిఫ్రాగా ఒపొజిటిఫోలియా, తెల్లని డయాపెన్సియా అక్కడే వెతుకు. మంచు చాలా రోజులు కరగకుండా ఉండే పల్లాల్లో పసుపు రంగు మంచు రానన్‌క్యులస్, వేలెడు కూడా ఎదగని సాలిక్స్ హెర్బేసియా చివరికెప్పుడో పూస్తాయి. గట్టుకూ పల్లానికీ మధ్య పాతిక అడుగులే ఉంటుంది, పూత తేడా మాత్రం వారాల్లో ఉంటుంది. పురుగుకు ఈ తేడానే బతుకు. ఒక చోట పూత అయిపోతే పక్క పల్లంలో మొదలవుతుంది, అలా వేసవంతా దానికి తిండి దొరుకుతుంది. మంచు అంతటా ఒకేసారి త్వరగా కరిగిపోతే పూలూ దాదాపు ఒకేసారి పూసి, ఒకేసారి అయిపోతాయి. అప్పుడు వేసవి మిగిలే ఉంటుంది, తిండి ఉండదు. కాబట్టి నీ ఫ్రేములన్నీ ఒకే రకం నేల మీద పెట్టుకోకు. గైడ్ ఒప్పుకుంటే గట్టు, వాలు, పల్లం మూడూ ఉండేలా చూసుకో.

సైలీన్ అకాలిస్ అని గులాబీ పూల దిండు మొక్క ఒకటుంది. నేలకు అంటుకుని, రాళ్ల మధ్య గుండ్రంగా, గట్టిగా పెరుగుతుంది. దాని దక్షిణం వైపు ముందుగా పూస్తుంది, దిక్కులు తెలియనప్పుడు కూడా పనికొస్తుంది. చేతి కటకం తీసి పూలను ఒక్కొక్కటిగా చూడు. కొన్ని దిండ్లలో ప్రతి పువ్వులోంచీ పది కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కనే ఇంకో దిండులో కేసరాలు ముడుచుకుపోయి, సన్నటి మూడు కీలాలు మాత్రం తెల్లగా చాచుకుని ఉంటాయి. రెండోది ఆడ మొక్క. దాని దగ్గర సొంత పుప్పొడి లేదు, పురుగు తెచ్చి ఇస్తేనే గింజ. మొదటిదానికి ఆ ఇబ్బంది కొంత తక్కువ. కాబట్టి దిండుకు నంబరు వేసేటప్పుడే అది ఏ రకమో రాసి పెట్టుకో. తర్వాత గింజలు లెక్కపెట్టేటప్పుడు ఆ ఒక్క అక్షరం లేకపోతే ఏ దిండుకు పురుగు అవసరం ఎంతో చెప్పలేవు. ఇంకొక మాట, ఆ దిండ్లు ఎదిగే వేగం చాలా తక్కువ, అరచేయంత దిండుకు నీకన్నా ఎక్కువ వయసు ఉండొచ్చు. కాలు రాళ్ల మీదే పెట్టు.

బంబుల్ బీలను కూడా చూడు, వద్దనను. మే నెలాఖరున, చెట్లు ఇంకా మోడుగా ఉన్నప్పుడే రాణులు నేలలోంచి లేచి వస్తాయి. చలికాలం దాటి బతికేది రాణి ఒక్కతే, పాత గూడు అంతా పోయి ఉంటుంది. ఆ రాణికి మొదటి తిండి విల్లో పొదల పూగుత్తులు. అందుకని విల్లోలను పువ్వుల లెక్కలోంచి తీసేయకు, చూడ్డానికి పువ్వుల్లా లేవని చాలామంది వదిలేస్తారు. చల్లటి పొద్దున రాణి ఎగరబోయే ముందు రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను వణికిస్తుంది, ఒంట్లో ముప్పై డిగ్రీల దాకా వేడి పుట్టాకగానీ లేవదు. దగ్గరగా చూస్తే పొట్ట పైకీ కిందికీ ఆడుతూ కనిపిస్తుంది. నల్లటి ఛాతీ, ఎర్ర నారింజ పొట్ట ఉన్నది బాంబస్ ఆల్పైనస్ కావచ్చు. ఎత్తుకు వెళ్తే చూస్తావు. నల్ల ఊదా బార్ట్‌సియా, లేత పసుపు పెడిక్యులారిస్ లప్పోనికా, చిక్కుడు జాతి ఆస్ట్రగాలస్ ఆల్పైనస్, ఇవన్నీ బంబుల్ బీల పూలు. గొట్టంలాగానో ముక్కులాగానో మూసుకుని ఉన్న పువ్వును తెరిచే బలం, లోపలికి అందే నాలుక ఈగకు లేవు. ఈ పూల దగ్గర ఫ్రేమ్ పెడితే ఈగలు ఎందుకు రాలేదని దిగులు పడొద్దు.

బంబుల్ బీ అనుకుని నువ్వు రాసేవాటిలో కొన్ని వేషం వేసిన ఈగలుంటాయి. రెక్కల జతలు చూడు. ఈగకు ఒక జతే, తేనెటీగల జాతికి రెండు. కదులుతున్నప్పుడు అది కనబడకపోతే తల చూడు. ఈగకు కళ్లు తలంతా ఆక్రమించుకుని, మీసాలు కురచగా ఉంటాయి. జాతి పేరు తెలియనప్పుడు ఊహించి రాయొద్దు. ‘నల్ల ఈగ, సుమారు 5 మి.మీ., కాళ్లు నలుపు’ అని రాస్తే చాలు, తర్వాత తెలిసినవాళ్లు చూస్తారు.

బిర్చ్ చెట్ల కింద తడి పచ్చికలో పసుపు పచ్చని ట్రోలియస్ పూస్తుంది. రేకులు మొగ్గలాగా మూసుకునే ఉంటాయి, విచ్చుకోదు. దీని సంగతి ఇంకో రకం. కియాస్టోకీటా అనే చిన్న ఈగలు పైనుంచి రేకుల మధ్య దూరి లోపలికి వెళ్తాయి. లోపలే తింటాయి, లోపలే జత కడతాయి, గుడ్లూ అక్కడే పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ పువ్వు గింజల్లో కొన్ని తినేస్తుంది. మిగిలిన గింజలు మొక్కవి. ఆ ఈగలు పుప్పొడి తెచ్చాయి కాబట్టే ఆ గింజలు పట్టాయి. నాకు ఆ పచ్చికలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. చూడాలంటే రేకులు విప్పొద్దు. ఒక పువ్వు ఎంచుకుని పైన సందు వైపే కళ్లుపెట్టి కూర్చుంటే, ఈగ వెళ్లడమూ రావడమూ కనిపిస్తుంది. లోపల ఎంతసేపు ఉందో రాసుకో.

అర్ధరాత్రి సూర్యుడు మే చివరి నుంచి జూలై సగం దాటేదాకా అస్తమించడు. వెలుగుంది కదా అని రాత్రంతా ఫీల్డ్‌లో ఉండాలనిపిస్తుంది. ఉత్తర ఫిన్లాండ్‌లో బంబుల్ బీలకు చిన్న రేడియో ట్యాగులు తగిలించి చూస్తే, వెలుగు ఉన్నా అవి రాత్రిపూట పని ఆపి విశ్రాంతి తీసుకున్నాయి. 2010లో వచ్చింది ఆ ఫలితం. నువ్వు కూడా పడుకో. కంటికి కట్టుకునే గుడ్డ ఒకటి తీసుకెళ్లు, అక్కడ కర్టెన్లను నమ్ముకోవడం కష్టం.

దోమల గురించి మీ అమ్మ తెగ టెన్షన్ పడుతోంది. కుడతాయి, అది నిజమే. తల మీదుగా వేసుకునే వల టోపీ, లేత రంగు పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. దోమల మందు రాసుకున్న చేత్తో పువ్వునూ పురుగునూ వల సంచినీ ముట్టుకోవద్దు. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను కూడా పాడుచేస్తుంది, నీ పెన్నూ గడియారమూ జిగురుగా తయారవుతాయి. పెన్ను ఎలాగూ వద్దు, పెన్సిల్‌తో రాయి, వాన పడినా అక్షరం నిలుస్తుంది. ఆ దోమలే పూలకూ వస్తాయని మర్చిపోకు. మగ దోమలు రక్తం తాగవు, మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటే అది మగది. ఉత్తర అమెరికాలో ప్లాటాంథెరా ఒబ్టుసాటా అనే ఆకుపచ్చ ఆర్కిడ్‌కు దోమలే పుప్పొడి మోస్తాయి, పుప్పొడి ముద్ద దోమ కంటి మీద అతుక్కుని కనిపిస్తుంది. దానికి దగ్గరి చుట్టం ఒకటి అబిస్కోలో ఉంది, చాలా అరుదు. దాన్ని వెతుక్కుంటూ దారి తప్పి తొక్కుకుంటూ పోవద్దు. ఎవరైనా చూపిస్తే దారి మీంచే చూడు.

పురుగు రాకుండా పూలకు కట్టే సంచుల పని నీకే అప్పజెప్పొచ్చు. మొగ్గ విచ్చకముందే కట్టాలి, ఒక్క రోజు ఆలస్యమైనా ఆ పువ్వు పనికిరాదు. సన్నటి తీగతో చిన్న చట్రం చేసి దాని మీద గుడ్డ వెయ్యి. లేకపోతే గాలికి గుడ్డ కీలాగ్రానికి రాసుకుని పుప్పొడి అదే అంటిస్తుంది. సంచి లోపల కాస్త వెచ్చగా కూడా ఉంటుంది, అందుకే చేత్తో పుప్పొడి అద్దిన పూలకు కూడా కొన్నిటికి అదే సంచి కట్టి పోల్చుకోవాలి. కీలాగ్రం వాడిపోగానే సంచి తీసెయ్. వేసవి చివర ప్రతి తీగా, ప్రతి రంగు దారమూ లెక్కపెట్టి వెనక్కి తేవాలి.

అబిస్కో 1909 నుంచి నేషనల్ పార్క్. అక్కడ పురుగును పట్టాలన్నా, పువ్వు కోయాలన్నా రాసిచ్చిన అనుమతి ఉండాలి. ఆ కాగితం నకలు ఎప్పుడూ బ్యాగ్‌లోనే పెట్టుకో. ఆ నేల, అక్కడి మూలవాసులైన సామీల రెయిన్‌డీర్లు మేసే నేల కూడా. మంద కనిపిస్తే పని ఆపి, కూర్చుని, అవి వెళ్లేదాకా ఆగు. ముఖ్యంగా పిల్లలతో ఉన్నప్పుడు వాటిని పరుగెత్తించకూడదు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో అక్కడి పరిశోధన కేంద్రంలో బోర్డు మీద రాసి వెళ్లు. మంచు కరిగే వాగులు పొద్దున మోకాలి దాకా ఉంటే సాయంత్రానికి ఇంకా పెరుగుతాయి.

బూట్లు: మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, లోపల ఉన్ని సాక్సులు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. నార్వే కొండలు వానను అడ్డుకోవడం వల్ల అబిస్కోలో ఏడాదికి 300 మి.మీ. దాకే పడుతుంది, అయినా గాలికి కూర్చుంటే ఒళ్లు చల్లబడిపోతుంది. కూర్చునే ఫోమ్ ముక్క, మోకాళ్లకు ప్యాడ్లు తప్పక పెట్టుకో. ఆ రెండూ లేకుండా పది నిమిషాలు కదలకుండా ఉండలేవు. కెమెరా నీ ఫోన్ చాలు, ముందు మ్యాక్రో క్లిప్ తగిలించుకుంటే ఈగ రెక్క నరాల దాకా వస్తాయి.

పట్టిన పురుగులకు లేబుల్ అదే రోజు రాత్రి రాసెయ్: తేదీ, చోటు, ఎత్తు, ఏ పువ్వు మీద, ఎవరు పట్టారు. మర్నాటికి వాయిదా వెయ్యకు. కిరునా నుంచి నార్విక్ వెళ్లే రైలు అబిస్కోలో ఆగుతుంది, టికెట్ ఇప్పుడే తీసుకో, వేసవిలో దొరకడం కష్టం. పది రెట్ల చేతి కటకం నా దగ్గర రెండోది ఉంది, కొనకు. రైలెక్కే ముందు ఉమియోలో మా ఇంటికి వచ్చి తీసుకెళ్లు.

ప్రేమతో,
పెద్దమ్మ